ఒంటబట్టే చదువు: ఉన్నత మాధ్యమిక స్థాయి వ్యాయామ విద్యలో అభ్యాస పద్ధతులు - ఒక నైతిక పరిశీలన

ఒక విద్య బాగా అబ్బినవారిని గురించి తెలుగులో “చదువు ఒంటబట్టింది” అంటాం. అబ్బనివారి విషయంలో “ఎంత చదివినా ఒంటబట్టలేదు” అంటాం. ఈ నుడికారం చదువును తలలో కాక ఒంట్లో చూస్తున్నది. తిన్న తిండి రక్తమాంసాలుగా మారినట్లే నేర్చిన విషయమూ మనిషిలో భాగం కావాలన్న భావన దీని వెనుక ఉంది. అదే తెలుగు ఇళ్ళలో రోజూ వినిపించే మరో మాట “ఆటలు కట్టిపెట్టి చదువుకో” అన్నది. ఇందులో ఒళ్ళు అలిసే పని ఒకటి, చదువు మరొకటి. ఒకటి సాగాలంటే రెండోది ఆగాలి. పరస్పర విరుద్ధమైన ఈ రెండు భావనల మధ్య నిలిచిన పాఠ్యవిషయం వ్యాయామ విద్య. ఆటలనే పుస్తకంలో పెట్టి, పరీక్ష నిర్వహించి, మార్కులిచ్చే ఈ విషయాన్ని విద్యార్థి ఎలా చదవాలి? పైకి ఇది పరీక్షలో నెగ్గే మెలకువలకు చెందిన ప్రశ్నగా కనిపిస్తుంది. ఇందులో సత్యానికీ, న్యాయానికీ సంబంధించిన అంశాలు కూడా ఉన్నాయి. వాటిని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విషయ స్వరూపం

పరిశీలనకు కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి 11, 12 తరగతులకు నిర్దేశించిన వ్యాయామ విద్యను ఆధారంగా తీసుకుంటున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డుల ఎం.పి.సి., బై.పి.సి. విద్యార్థులకు ఇటువంటి పరీక్షా విషయం లేదు. చాలా కార్పొరేట్ కళాశాలలు ఆటస్థలం లేని బహుళ అంతస్తుల భవనాలలోనే నడుస్తున్నాయి కనుక ఆ లోటు అక్కడ ఎవరికీ కనపడదు కూడా. కేంద్రీయ విద్యాలయాలలోనూ, మండలికి అనుబంధమైన ఇతర పాఠశాలలలోనూ చదివే తెలుగు పిల్లలు దీన్ని అయిదో విషయంగానో, అదనంగా ఆరో విషయంగానో ఎన్నుకుంటారు. ఎన్నుకోవడానికి తరచుగా చెప్పే కారణం ఒక్కటే: “మార్కులు సులువుగా వస్తాయి.”

మొత్తం 100 మార్కులలో రాతపరీక్షకు 70, ప్రయోగ పరీక్షకు 30 కేటాయించారు. ఆ 30లో శరీర దార్ఢ్య పరీక్షకు 6, ఏదైనా ఒక క్రీడలో నైపుణ్యానికి 7, యోగాభ్యాసానికి 7, రికార్డు పుస్తకానికి 5, మౌఖిక పరీక్షకు 5. 12వ తరగతి పాఠ్యప్రణాళికలో పది యూనిట్లు ఉన్నాయి. పోటీల నిర్వహణ, జీవనశైలి వ్యాధుల నివారణకు యోగ, పోషణ, పరీక్షలూ కొలతలూ, శరీరధర్మశాస్త్రం - గాయాలు, జీవయాంత్రిక శాస్త్రం, క్రీడా మనస్తత్వం, శిక్షణ పద్ధతులు అందులో ముఖ్యమైనవి. కాగితం మీద ఇది సులువైన విషయం కాదు. నిర్వచనాలు, వర్గీకరణలు, ఆసనాల విధానాలు, ప్రయోజనాలు, నిషేధాలు పేజీలకు పేజీలు ఉంటాయి. సులువన్న పేరు ప్రయోగ పరీక్షలోని ఉదారత వల్లా, అరువు తెచ్చుకున్న నోట్సుతో రాతపరీక్ష దాటవచ్చునన్న నమ్మకం వల్లా వచ్చినట్లు తోస్తుంది.

తెలుసు - వచ్చు

ఆంగ్ల తాత్త్వికుడు గిల్బర్ట్ రైల్ 1949లో వెలువరించిన ‘ది కాన్సెప్ట్ ఆఫ్ మైండ్’ గ్రంథంలో రెండు రకాల ఎరుకను వేరుచేశాడు. ఒక విషయం ఫలానా విధంగా ఉందని ఎరగడం మొదటిది. ఒక పనిని ఎలా చేయాలో ఎరగడం రెండోది. రెండోదాన్ని మొదటిదానికి కుదించలేమన్నది ఆయన వాదం. తెలివిగా చేసే ప్రతి పనికీ ముందు మనసులో ఒక సూత్రాన్ని తలచుకోవాలంటే, ఆ తలచుకోవడాన్ని తెలివిగా చేయడానికి మరో సూత్రం కావాలి, దానికి మరొకటి కావాలి. ఈ వాదాన్ని 2001లో జేసన్ స్టాన్లీ, టిమొతీ విలియమ్సన్ ప్రశ్నించారు. వారి దృష్టిలో రెండోది కూడా మొదటిదానిలోని ఒక ప్రత్యేక రూపమే. ఆ చర్చ నేటికీ ముగియలేదు.

ఆంగ్లంలో ఒకే క్రియకు రెండు వేర్వేరు పదాలు చేర్చి సాధించవలసిన ఈ భేదం తెలుగులో క్రియలలోనే ఉండడం గమనార్హం. “నాకు ఈత గురించి తెలుసు” అన్న వాక్యం వేరు, “నాకు ఈత వచ్చు” అన్న వాక్యం వేరు. మొదటిది ఒడ్డున కూర్చున్నవాడు కూడా అనగలడు, రెండోది నీళ్ళలో దిగినవాడే అనాలి. వంట వచ్చు, సైకిలు వచ్చు, కర్రసాము వచ్చు, తెలుగు వచ్చు అన్నప్పుడు ఆ విద్య మన దగ్గరికి నడిచి వచ్చినట్లు చెబుతున్నాం. “ఈదవచ్చు” వంటి ప్రయోగాలలో సాధ్యతనూ, అనుమతినీ తెలిపేది కూడా ఈ ‘వచ్చు’ అన్న మాటే.

ఈ భేదాన్ని వ్యాయామ విద్య ప్రశ్నపత్రానికి అన్వయించి చూద్దాం. భుజంగాసనం వేసే విధానాన్నీ, ప్రయోజనాలనూ, నిషేధాలనూ వివరించమని ప్రశ్న అడుగుతుంది. విద్యార్థి అయిదు అంశాలు రాస్తాడు, మార్కులు వేస్తారు. అతనికి భుజంగాసనం గురించి తెలుసునని ఆ మార్కులు చెబుతున్నాయి. అంతవరకు అసత్యం ఏమీ లేదు. అయితే ప్రయోగ పరీక్షలో యోగకు కేటాయించిన 7 మార్కులు అతనికి భుజంగాసనం వచ్చునని చెబుతాయి. ఆసనాన్ని పరీక్షకు ముందురోజు మొదటిసారి వేసిన విద్యార్థికి ఆ 7లో 6 వస్తే, ధృవపత్రం మీద అబద్ధం చేరినట్లే. ఈ అబద్ధంలో విద్యార్థి, అధ్యాపకుడు, పాఠశాల ముగ్గురూ భాగస్వాములు. ఎవరికీ నష్టం కలగలేదు కనుక ఎవరూ దాన్ని అబద్ధంగా భావించరు. నష్టపడినవాడు నిజానికి ఒకడున్నాడు. ఏడాది పొడుగునా తెల్లవారుజామున లేచి సాధన చేసిన తోటి విద్యార్థికీ అవే 6 మార్కులు వచ్చాయి. అతని సాధనకు ఆ అంకెలో చోటు లేకుండా పోయింది.

కంఠస్థం పట్ల న్యాయం

ఇంతమాత్రాన కంఠస్థాన్ని దోషిగా నిలబెట్టడం తొందరపాటు అవుతుంది. బట్టీ చదువును నిందించడం నేడు సులువైన అలవాటుగా మారింది. మన భాషలో “ఆ పద్యం నాకు వచ్చు” అంటాం, “ఆ పద్యం నాకు తెలుసు” అనడం దానికి సమానం కాదు. కంఠస్థమైన పద్యం వచ్చిన విద్యే. అవధానంలో ధారణ అన్నది ఒక చేత. చెప్పిన పాదాలన్నిటినీ పృచ్ఛకుల అంతరాయాల నడుమ నిలుపుకొని చివర అప్పజెప్పడం ఏళ్ళ సాధన మీద వచ్చేది. యోగశాస్త్రం చెప్పే ఎనిమిది అంగాలలో ఒకదాని పేరు కూడా ధారణే కావడం అవధానికీ యోగికీ ఉన్న చుట్టరికాన్ని సూచిస్తున్నదేమో అనిపిస్తుంది. కాబట్టి జ్ఞాపకం, శరీరం పరస్పర శత్రువులు కావు. తేడా ఏమిటంటే, ఒక జ్ఞాపకం పనికి దారి తీస్తుంది, మరొకటి పరీక్ష గది తలుపు దగ్గరే ఆగిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. పోటీల నిర్వహణ యూనిట్‌లో ఓడిన జట్టు నిష్క్రమించే నాకౌట్ పద్ధతిని గురించి చదువుతారు. 19 జట్లు ఉంటే ఎన్ని ఆటలు జరుగుతాయి? జట్ల సంఖ్యలో ఒకటి తగ్గిస్తే 18 అన్న సూత్రాన్ని చాలామంది వల్లె వేస్తారు. ప్రతి ఆట ఒక జట్టును ఇంటికి పంపుతుంది, చివరికి ఒక్క జట్టే మిగలాలి, కనుక 18 జట్లు ఓడాలి, 18 ఆటలు జరగాలి. ఈ కారణం గ్రహించిన విద్యార్థి సూత్రాన్ని మరచిపోయినా మళ్ళీ పుట్టించుకోగలడు. అలాగే 19 తరువాత వచ్చే రెండు యొక్క ఘాతం 32 కనుక 13 జట్లకు మొదటి విడతలో ‘బై’ ఇవ్వాలి. అంటే ఆ 13 జట్లూ ఆడకుండానే రెండో విడతకు చేరతాయి, మిగిలిన 6 జట్లు 3 ఆటలు ఆడతాయి, గెలిచిన 3 కలిస్తే రెండో విడతలో 16 అవుతాయి. పట్టికను ఒక్కసారి చేత్తో గీసి చూస్తే ఇది స్పష్టమవుతుంది. ప్రతి జట్టూ మిగతా అన్ని జట్లతో ఆడే లీగ్ పద్ధతిలో అవే 19 జట్లకు 171 ఆటలు కావాలి. ఒక పాఠశాల మైదానంలో రోజుకు 6 ఆటలు జరిపితే దాదాపు నెల రోజులు పడుతుంది. ఈ లెక్క వేసిన విద్యార్థికి ‘లీగ్ పద్ధతి లోపాలు’ అన్న శీర్షిక కింద ‘ఎక్కువ సమయం పడుతుంది’ అన్న వాక్యాన్ని బట్టీ పట్టే అవసరం ఉండదు.

ఇటువంటి గ్రహణానికి శరీరబలం అక్కరలేదన్నది నిజం. రాతపరీక్ష భాగాన్ని సమర్థించే బలమైన కారణం కూడా ఇదే. ఆడలేని పిల్లవాడికి ఆటను అర్థం చేసుకునే హక్కు ఉంది. శిక్షకుడు, న్యాయనిర్ణేత, పోషణ నిపుణుడు, గాయాలను మాన్పే వైద్యుడు కూడా క్రీడాలోకానికి చెందినవారే. ఒక్క చేతులమీదనే ఆధారపడిన విద్యకు గురువు అవసరం తీరదన్న సంగతి కోడి రామమూర్తి నాయుడు జీవితంలో కనిపిస్తుంది. మల్లయోధుడిగా అంత పేరు పొందిన ఆయన సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారని ఆయన జీవితకథలు చెబుతున్నాయి. తనకు వచ్చినదాన్ని ఇతరులకు చెప్పాలంటే దాని గురించి తెలియాలి కదా.

అభ్యాసం, మూడు విశేషణాలు

యోగసూత్రాల మొదటి పాదంలో పతంజలి అభ్యాసాన్ని నిర్వచించి, అది దృఢపడడానికి మూడు లక్షణాలు చెప్పాడు. అది దీర్ఘకాలం సాగాలి, మధ్యలో తెగకూడదు, ఆదరంతో జరగాలి. ఈ మూడింటినీ వ్యాయామ విద్య చదువుకు కొలమానంగా పెట్టుకుంటే ఏమవుతుందో చూడాలి.

మొదటి రెండు లక్షణాలను నేటి విద్యా మనస్తత్వం మరో దారిలో బలపరుస్తున్నది. మరపు మీద హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రచురించిన ప్రయోగాలు మొదలుకొని, ఒక్కరోజు గుట్టగా చదివినదానికన్నా రోజుల మీద విడదీసి చదివినది ఎక్కువకాలం నిలుస్తుందని పరిశోధకులు మళ్ళీ మళ్ళీ గమనించారు. ఆశ్చర్యకరమైన విషయమేమిటంటే, ఇదే సంగతిని వ్యాయామ విద్య పుస్తకంలోని చివరి యూనిట్ కండరాల విషయంలో చెబుతున్నది. భారాన్ని క్రమంగా పెంచాలి, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి, మానేస్తే సంపాదించినది తరిగిపోతుంది. అంటే ఆ పాఠాన్ని ఎలా చదవాలో ఆ పాఠమే చెబుతున్నది. విద్యార్థులు ఆ యూనిట్‌ను పరీక్షకు ముందురాత్రి ఒక్క ఊపులో చదివి ముగించడంలోని విపర్యయం ఎవరికైనా నవ్వు తెప్పిస్తుంది. అదే యూనిట్‌లో ‘ఫార్ట్‌లెక్’ అన్న శిక్షణ పద్ధతి వస్తుంది. అది స్వీడిష్ మాట, అర్థం ‘వేగపు ఆట’. పరుగులో ఎప్పుడు వేగం పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో పరుగెత్తేవాడే నిర్ణయించుకుంటాడు. చదువులోనూ కొంత భాగం ఇలా విద్యార్థి చేతిలో ఉండాలి.

మూడో లక్షణమైన ఆదరాన్ని మనస్తత్వ ప్రయోగాలు కొలవలేవు. నైతిక ప్రశ్న అక్కడే ఉంది. ఒక విషయాన్ని ‘సులువు’ అన్న కారణంతో ఎన్నుకున్నవాడు దాన్ని ఆదరించగలడా? అసాధ్యమని చెప్పలేం. పిల్లలు తప్పు కారణాలతో మొదలుపెట్టి సరైన చోటికి చేరిన సందర్భాలు ఎన్నో ఉంటాయి. న్యాయమైన పనులు చేస్తూ చేస్తూ మనిషి న్యాయవంతుడు అవుతాడని అరిస్టాటిల్ అన్నప్పుడు, ఆ పనులను మొదలుపెట్టే నాటికే న్యాయవంతుడై ఉండాలని కోరలేదు. ఇల్లు కట్టుతూనే కట్టేవాడవుతాడు. వ్యాయామ విద్యకు ఈ పోలిక మరీ దగ్గరిది.

ఆదరం పుట్టే ఒక మార్గం పుస్తకంలోని అంకెలను తన ఒంటి మీద చూసుకోవడం. హార్వర్డ్ మెట్ల పరీక్షను తీసుకుందాం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో రూపొందిన ఈ పరీక్షలో నిమిషానికి 30 సార్ల చొప్పున అయిదు నిమిషాలు మెట్టు ఎక్కి దిగాలి. ఆపైన కూర్చుని, 1 నుంచి 1½ నిమిషం దాకా, 2 నుంచి 2½ దాకా, 3 నుంచి 3½ దాకా నాడిని మూడుసార్లు లెక్కించాలి. మెట్లెక్కిన సెకండ్లను నూరుతో గుణించి, మూడు నాడి సంఖ్యల మొత్తానికి రెట్టింపుతో భాగిస్తే సూచిక వస్తుంది. 300 సెకండ్లూ పూర్తిచేసినవారి నాడి మొత్తం 180 అయితే సూచిక 83 దాటుతుంది. సూత్రాన్ని పదిసార్లు రాసినవాడు హారంలోని రెండును మరచిపోవచ్చు. వ్యాయామ ఉపాధ్యాయుడి సమక్షంలో ఒక్కసారి మెట్లెక్కి, తన మణికట్టు మీద వేలు పెట్టి లెక్కించినవాడికి ఆ రెండు ఎందుకు వచ్చిందో అనుభవంలో ఉంటుంది. అతను లెక్కించినది ఒక్కొక్కసారీ అర నిమిషం నాడినే. నిమిషపు లెక్కకు రెట్టింపు చేయాలి.

అలాగే వృద్ధుల కోసం రిక్లీ, జోన్స్ రూపొందించిన దార్ఢ్య పరీక్ష పాఠంలో ఉంది. అందులో మొదటిది, చేతుల ఊతం లేకుండా 30 సెకండ్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి నిలబడగలరన్నది. ఆ పరీక్షలోని ఆరు అంశాలను వరుసగా వల్లించగల విద్యార్థికి, ఇంట్లో నాయనమ్మ మంచం పట్టీ పట్టుకోనిదే లేవలేకపోతున్నదన్న సంగతి ఈ పాఠానికి సంబంధించినదని తట్టదు. తట్టిన విద్యార్థికి ఆ పేజీ మరచిపోవడం కష్టం.

స్వశక్తి

శరీరం ధర్మసాధనాలన్నిటిలో మొదటిదన్న కాళిదాసు మాట వ్యాయామ విద్య పుస్తకాల అట్టల మీదా, పాఠశాల గోడల మీదా తరచు కనిపిస్తుంది. కుమారసంభవం అయిదో సర్గలో అది ఏ సందర్భంలో వచ్చిందో మాత్రం గోడ చెప్పదు. తపస్సు చేస్తున్న పార్వతి దగ్గరికి బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు కుశలప్రశ్నలు వేస్తూ, నీ శక్తికి తగినట్లుగానే తపస్సు చేస్తున్నావా అని అడిగి, ఆ వెంటనే ఈ మాట అంటాడు. అంటే అది బలాన్ని పెంచమన్న ఉద్బోధ కాదు, శక్తిని మించవద్దన్న ఆదుర్దా. చరకసంహిత కూడా వ్యాయామాన్ని నిర్వచించిన చోటనే అది మితంగా ఉండాలంటుంది. మితిమీరినవాడిని ఏనుగును లాగబోయి నశించే సింహంతో పోలుస్తుంది.

ఈ వెలుగులో దార్ఢ్య పరీక్షలోని 6 మార్కులను చూడాలి. ఖేలో ఇండియా పరీక్షలో 9 నుంచి 18 ఏళ్ళ వారికి 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, ముందుకు వంగే పరీక్ష, పొట్ట కండరాల పరీక్ష, పుష్-అప్‌లు, శరీర ద్రవ్యరాశి సూచిక ఉన్నాయి. ప్రత్యేక అవసరాలు గల విద్యార్థులకు బ్రాక్‌పోర్ట్ పరీక్ష ఏర్పాటు చేయడం న్యాయమైన ఆలోచన. ఈ రెండింటికీ మధ్య ఉండిపోయినవారి సంగతేమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ళ బాలికలలో 59 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఇనుము లోపాన్ని గురించి పోషణ యూనిట్‌లో చక్కగా రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి, 600 మీటర్లలో సగం దగ్గర ఆగిపోవచ్చు. తిండికీ కండకూ గురజాడ ‘దేశభక్తి’లో వేసిన ముడి ఆమె విషయంలో పరీక్షా ఫలితమై కూర్చుంటుంది. ఆమెకు తగ్గించిన మార్కు ఆమె చదువును కొలిచిందా, ఆమె వంటింటిని కొలిచిందా?

ఈ ప్రశ్నకు మార్కులను అందరికీ సమానంగా పంచడం జవాబు కాదని ముందే చూశాం. ఉదారత సాధకుడికి అన్యాయం, కాఠిన్యం బలహీనురాలికి అన్యాయం. నా అభిప్రాయంలో బ్రహ్మచారి అడిగిన ప్రశ్నలోనే ఒక దారి ఉంది. కొలవవలసింది ఒక్క రోజు వేగాన్ని కాదు, జూన్ నుంచి జనవరి దాకా తన శక్తిలో వచ్చిన మార్పును. 600 మీటర్లు నాలుగు నిమిషాలకు నడిచిన అమ్మాయి ఆరు నెలలకు మూడున్నర నిమిషాలకు వస్తే, పాఠంలోని శిక్షణ సూత్రాలన్నీ ఆమెలో రుజువైనట్లే. సహజంగా వేగంగా పరుగెత్తే విద్యార్థి ఏడాది పొడుగునా ఒక్క సెకండు కూడా మారకపోతే, అతను ఆ పాఠం చదవలేదన్నమాట. దీనికీ ఒక చిక్కు ఉంది. మొదటి పరీక్షలో కావాలని నెమ్మదిగా పరుగెత్తి, చివర ‘వృద్ధి’ చూపించే తెలివైనవారు ఉంటారు. కొలత ఎక్కడ ఉంటే అక్కడ కపటానికి చోటు ఉంటుంది. అయినా ఒక్క రోజు మీద ఆధారపడిన కొలతకన్నా ఎనిమిది నెలల కొలతలో మోసం చేయడం కష్టం.

రికార్డు పుస్తకం

కపటం ఎక్కువగా స్థిరపడిన చోటు 5 మార్కుల రికార్డు పుస్తకమే. గత ఏడాది విద్యార్థి పుస్తకాన్ని ముందు పెట్టుకుని, కోర్టు బొమ్మను స్కేలుతో గీసి, అట్ట వేసి సమర్పించడం రివాజుగా మారింది. అందులో 50 మీటర్ల పరుగుకు రాసిన సమయం ఎవరిదో తెలియదు. రాసిన చేతిరాత అక్కదో, అమ్మదో కూడా కావచ్చు. ఇది చిన్న విషయమని తోసిపుచ్చేవారు, ఇదే పిల్లవాడు రేపు ప్రయోగశాలలో తీసిన కొలతలను నమ్మి ఎవరో మందు మింగవలసి ఉంటుందని గుర్తుంచుకోవాలి.

రికార్డును నిజం చేయడం కష్టమైన పని కాదు. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు అని రాసే ముందు, ఒక సాయంత్రం టేపు, తాడు, సున్నపు పొడి తీసుకుని నలుగురు విద్యార్థులు నేలమీద గీసి చూడవచ్చు. మొదటిసారి గీసిన కోర్టు దీర్ఘచతురస్రం కాకుండా పక్కకు ఒరుగుతుంది. మూలలు సరిగా కుదిరాయో లేదో చూడడానికి ఎదురెదురు మూలల మధ్య కొలవాలి. రెండు కర్ణాలూ 20 మీటర్ల 12 సెంటీమీటర్ల దగ్గర సమానంగా రావాలి. రాకపోతే చెరిపి మళ్ళీ గీయాలి. ఇలా గీసినవారి రికార్డులో కోర్టు బొమ్మ పక్కన ఆ కర్ణం కొలత కూడా చేరుతుంది. నకలు చేసిన పుస్తకంలో అది కనిపించదు.

మౌఖిక పరీక్ష 5 మార్కులూ ఈ పుస్తకానికి తోడుగా ఉపయోగపడాలి. పరీక్షకుడు నిర్వచనాలు అడగడం మాని, రికార్డులో ఏదో ఒక పేజీ తెరిచి, “ఈ అంకె ఎలా వచ్చిందమ్మా? ఆ రోజు ఎండగా ఉందా? మధ్యలో ఎక్కడ ఆగావు?” అని అడిగితే చాలు. పరుగెత్తిన అమ్మాయి సమాధానం వెతుక్కోనక్కరలేదు. మూడో చుట్టులో డొక్కలో నొప్పి వచ్చిందనీ, నడిచి మళ్ళీ పరుగెత్తాననీ, అందుకే ఆ నెల సమయం పెరిగిందనీ చెబుతుంది.